జీవన వేతనాన్ని, కోర్టులో న్యాయాన్ని కొలవగలమా? సర్వే ఫారాలు తయారుచేసేవాడి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. స్నేహితుల మధ్య వాదన పడింది. ఒకరు "జీవన వేతనం అంటే లెక్కే. కుటుంబానికి ఏమేం కావాలో రాసి, ధరలు కట్టి, కూడితే అంకె వచ్చేస్తుంది. కోర్టు న్యాయంగా నడుస్తోందా లేదా అన్నదీ అలాగే తేల్చవచ్చు" అన్నారు. రెండోవారు "అవన్నీ అంకెల వేషం కట్టిన అభిప్రాయాలు. న్యాయానికి తక్కెడ బొమ్మ ఉంది గానీ తూకంరాళ్లు ఎక్కడున్నాయి?" అన్నారు. ఇద్దరిలో ఎవరిది ఒప్పు?

జవాబు ముందే చెప్పేస్తాను. రెండు చోట్లా లోటును కొలవగలం. "ఇక చాలు" అనే గీతను మాత్రం కొలవలేం, గీసుకుంటాం. ఒక కుటుంబం ఆదాయం ఫలానా జాబితాకు ఎంత తక్కువ పడుతోందో దమ్మిడీతో సహా చెప్పగలను. ఆ జాబితాలో ఏముండాలో నా క్యాలిక్యులేటర్ చెప్పదు. ఒకేలాంటి కేసుల్లో ఒకరికి మూడేళ్ల జైలు, మరొకరికి ఇరవై ఏళ్ల జైలు శిక్ష పడుతోందా అన్నది రికార్డులు తిరగేసి చెప్పగలను. ఎదురుగా ఉన్న ఈ ఒక్క కేసులో న్యాయం జరిగిందా అంటే చెప్పలేను. మీ మొదటి స్నేహితుడు సరైన దారిలోనే వెళ్లి ఆగాల్సిన చోట ఆగలేదు. రెండోవారు అసలు గడపే దాటలేదు.

నేను పాతికేళ్లుగా సర్వేల పనిలో ఉన్నాను. మొదట్లో ఇంటి ఖర్చుల సర్వేలు, వేతన వివాదాల్లో లెక్కలు కట్టివ్వడం. తర్వాత కోర్టు రికార్డుల నుంచి గణాంకాలు తీసే పని. లాయర్ని కాను. ఆర్థికవేత్తనని చెప్పుకునేంత చదువూ లేదు. ఫారాలు తయారుచేస్తాను, వాటిని నింపేవాళ్లకు శిక్షణ ఇస్తాను, నింపి తెచ్చినవి సరిచూస్తాను. అందుకే నా జవాబంతా ఫారంలోని గడుల చుట్టూనే తిరుగుతుంది, ఓపిక పట్టండి.

ఒకప్పుడు మా ఫారంలో "గత 30 రోజుల్లో వైద్య ఖర్చు" అని ఒక గడి ఉండేది. పర్యవేక్షణ కోసం, ఫారం నింపే ఒక ఎన్యూమరేటరు అమ్మాయి వెంట నేనూ ఇళ్లకు వెళ్లాను. ఒక ఇంటావిడ ఆ ప్రశ్నకు "ఏమీ లేదమ్మా" అంది. ఆ అమ్మాయి సున్నా వేసి పేజీ తిప్పింది. లేవబోతుంటే గోడకు మేకుకు గుచ్చిన కాగితాలు కనిపించాయి. అన్నిటికన్నా పైన డాక్టరు రాసిన చీటీ, ఆరు వారాల కిందటిది. మూడు మందుల పేర్లు, ఒకదాని పక్కన మాత్రమే పెన్నుతో టిక్కు. మిగతా రెండూ ఏమయ్యాయని అడిగాను. "ఆ ఒక్కటీ తెచ్చాం, అదీ సగమే. మిగతావి తర్వాత చూద్దామన్నారు" అంది. తర్వాత అంటే ఎప్పుడో ఆమెకూ తెలియదు.

గత 30 రోజుల్లో ఖర్చు సున్నా. అబద్ధం లేదు, ఎన్యూమరేటరు తప్పూ లేదు. కానీ జబ్బు లేని ఇంట్లోనూ సున్నాయే, మందు కొనలేని ఇంట్లోనూ సున్నాయే. ఇలాంటి ఫారాలు వేలకు వేలు పోగేసి సగటు తీస్తే "పేద కుటుంబాలకు వైద్యానికి పెద్దగా అవసరం పడదు" అని తేలుతుంది. ఆ సగటును జీవన వేతనంలో వైద్యపు పద్దుగా పెడితే, కొనలేకపోవడాన్నే అవసరం లేకపోవడంగా చట్టంలో రాసినట్టు. పేదలు పెట్టే ఖర్చు చూసి పేదలకు కావలసినది లెక్కకట్టకూడదు. నా వృత్తిలో నేర్చుకున్నది ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను. కోర్టుల దగ్గరికి వెళ్లినా ఈ సున్నా మళ్లీ ఎదురొస్తుంది.

ఇప్పుడు గీత గీయడం గురించి. ఇంగ్లండ్‌లో సీబోమ్ రౌంట్రీ అనే పరిశోధకుడు 1899లో యార్క్ పట్టణంలో ఇంటింటి సర్వే చేయించి 1901లో ఫలితాలు అచ్చువేశాడు. ఒంట్లో సత్తువ నిలవడానికి కావలసిన కనీస తిండి, బట్ట, అద్దె, ఇంధనం కలిపి, భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలున్న ఇంటికి వారానికి 21 షిల్లింగుల 8 పెన్నీలని (షిల్లింగుకు 12 పెన్నీలు, పౌండుకు 20 షిల్లింగులు) తేల్చాడు. ఆ గీత ఎంత కరుకైనదో అతనే దాచకుండా రాశాడు. ఈ డబ్బుతో బతికే ఇంట్లో ఎవరూ బస్సెక్కకూడదు, పత్రిక కొనకూడదు, దూరాన ఉన్న పిల్లలకు ఉత్తరం రాయకూడదు, స్టాంపుకు డబ్బులుండవు. ఆదాయం ఈ గీత కింద ఉన్నవాళ్లు పట్టణ జనాభాలో 9.91 శాతమని లెక్కతేలింది.

అందరూ ఉదహరించేది మాత్రం మొత్తం పేదరికం 27.84 శాతమనే అంకెను. మిగిలిన 17.93 శాతం ఎలా వచ్చింది? సర్వే చేసినవాళ్లు ఇంటి వాలకం, మనుషుల వాలకం చూసి "వీళ్లు లేమిలో ఉన్నారు" అని గుర్తు పెట్టుకున్నారు. ఆ గుర్తు పడినవాళ్లలోంచి, ఆదాయం లెక్క ప్రకారం పేదలైనవాళ్లను తీసేస్తే మిగిలింది అదీ. అంటే దశాంశ బిందువు తర్వాత రెండు స్థానాల దాకా కచ్చితంగా కనిపిస్తున్న అంకెలో పెద్ద భాగం కంటిచూపుతో వేసిన అంచనా. రౌంట్రీని తప్పుపట్టను. తన పద్ధతిని తనే విప్పి చెప్పాడు కాబట్టే ఇవాళ నేనీ మాట అనగలుగుతున్నాను. 1936లో మళ్లీ సర్వే చేసినప్పుడు ఆయనే గీత మార్చాడు, రేడియో, పత్రిక లాంటివి జాబితాలోకి వచ్చాయి. మారింది ధరలు మాత్రమే కాదు, మనిషికి ఏం కావాలనే తీర్మానం.

నాకు ఇంతకన్నా ఇష్టమైన ఉదాహరణ ఆస్ట్రేలియాది, 1907 నాటి హార్వెస్టర్ తీర్పు. వేతనం, కోర్టు రెండూ ఒకే గదిలో కలిశాయి కాబట్టి మీ ప్రశ్నకు అచ్చంగా సరిపోతుంది. వ్యవసాయ యంత్రాల ఫ్యాక్టరీ యజమాని ఇస్తున్న కూలి "న్యాయమైనది, సమంజసమైనది" అవునా కాదా తేల్చాలి, తేలితే ఆయనకు ఎక్సైజు సుంకం మినహాయింపు. చట్టంలో ఆ రెండు విశేషణాలే తప్ప వివరణ లేదు. జడ్జి హెన్రీ హిగ్గిన్స్ గృహిణుల్ని సాక్షులుగా పిలిపించి ఇంటి లెక్కలు చెప్పించుకున్నాడు. సుమారు ఐదుగురున్న ఇంటికి అద్దె, కిరాణా, రొట్టె, మాంసం, పాలు, ఇంధనం, కూరగాయలు కలిపి సగటున వారానికి 32 షిల్లింగుల 5 పెన్నీలు తేలింది. నైపుణ్యం లేని కార్మికుడికి యజమాని ఇస్తున్నది రోజుకు 6 షిల్లింగులు, వారానికి 36. మిగిలేది 3 షిల్లింగుల 7 పెన్నీలు.

అప్పుడు హిగ్గిన్స్ ఆ లెక్కలోకి రానివాటి జాబితా చదివాడు: దీపం, బట్టలు, బూట్లు, సామాను, బీమా, పొదుపు, పని దొరకని రోజులు, యూనియన్ చందా, పత్రికలు, ట్రామ్ ఛార్జీలు, బడి సామాను, వినోదం, జబ్బు, చావు... ఇవన్నీ 3 షిల్లింగుల 7 పెన్నీలతో వెళ్లాలి. వెళ్లవని తేల్చాడు. ఇంతవరకూ కొలతే, అదీ లోటు కొలత. ఎవరూ కాదనలేనిది.

మరి ఎంత చాలు? రోజుకు 7 షిల్లింగులు, వారానికి 42 అన్నాడు. ఈ 42 కూడికలో రాలేదు. బట్టలకింత, బీమాకింత అని పద్దులు వేసి చేరలేదు. లాభాపేక్ష లేని ప్రభుత్వ సంస్థలు చాలా వరకు 7 షిల్లింగులే కనీసంగా ఇస్తున్నాయి కాబట్టి అదే సబబన్నాడు. మరుసటి ఏడాదే ఆ చట్టం చెల్లదని అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు కొట్టేసినా, 42 షిల్లింగుల గీత దశాబ్దాల పాటు ఆ దేశపు వేతనాలకు మూలమట్టంగా నిలిచింది. లోటును కొలిచాడు, గీతను ఎంచుకున్నాడు. మీ స్నేహితులిద్దరూ ఈ తీర్పును పక్కపక్కన కూర్చుని చదివితే వాదన సగం తగ్గుతుంది.

దీని కొనసాగింపు ఇంకా ఘాటుగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ధరలు పెరిగితే, ఈసారి సరిగ్గా కొలుద్దామని అక్కడి ప్రభుత్వం ఆల్బర్ట్ పిడింగ్టన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. కమిషన్ 1920లో నివేదిక ఇచ్చింది: భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలున్న కుటుంబం సముచితంగా బతకాలంటే వారానికి సుమారు 5 పౌండ్ల 16 షిల్లింగులు. అప్పుడు అమలులో ఉన్న వేతనాల కన్నా అది చాలా ఎక్కువ. ప్రభుత్వ గణాంకాధికారి నిబ్స్, దేశపు ఉత్పత్తి ఇంత మోయలేదని చెప్పాడు. నివేదిక అటకెక్కింది. అంకె తప్పని ఎవరూ నిరూపించలేదు, పెద్దదన్నారు. పిడింగ్టన్ మాత్రం ఆలోచించదగిన మాటన్నాడు: ప్రతి కార్మికుడికీ భార్య, ముగ్గురు పిల్లలు ఉండరు కదా, అందరికీ లేని పిల్లల పేరున వేతనం లెక్కకట్టే బదులు ఉన్న పిల్లలకు విడిగా భత్యం ఇవ్వండి అని.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. జీవన వేతనపు లెక్కలో అందరూ ధరల గురించి మాట్లాడతారు. నా అనుభవంలో ధరల దగ్గర గొడవలు తక్కువ. నేను లెక్కలు కట్టిచ్చిన ఒక వేతన వివాదంలో యూనియన్, యాజమాన్యం రెండూ ఒకే ధరల పట్టీని ఒప్పుకున్నాయి. అయినా వాళ్ల అంకెల మధ్య ఏనుగు దూరేంత సందు. కారణం? కుటుంబ ఖర్చును వేతనంగా మార్చేటప్పుడు ఎంతమంది సంపాదిస్తారని భాగించాలి. కుటుంబానికి 300 కావాలనుకోండి. ఒక్కరే సంపాదిస్తే వేతనం 300. రెండో మనిషి సగం రోజులు పనికి వెళ్తుందని 1.5తో భాగిస్తే 200. ధరల్లో ఒక్క పైసా మారకుండానే మూడో వంతు ఎగిరిపోయింది. ఇల్లు, పిల్లలు, ముసలివాళ్లను చూసుకోవడం పని కాదని ఎవరో ఒక మాటైనా అనకుండానే ఆ 0.5లో అనేశారు.

భారతదేశంలో 1957 నాటి 15వ భారత కార్మిక సదస్సు సూత్రం చూడండి. ఒక్కరి సంపాదన మీద 3 వినియోగ యూనిట్ల కుటుంబం: భర్త 1, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరో 0.6. యూనిట్‌కు పోషకాహార నిపుణుడు డాక్టర్ ఎక్రాయిడ్ సిఫారసు ప్రకారం 2,700 కేలరీలు. ఏడాదికి కుటుంబానికి 72 గజాల బట్ట. ఇంటద్దె. ఇంధనం, దీపం, ఇతరాలకు మొత్తం వేతనంలో 20 శాతం. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, వినోదం, వృద్ధాప్యం, పెళ్లిళ్ల వంటివాటికి ఇంకో 25 శాతం కలపాలంది. 2019లో నిపుణుల కమిటీ కేలరీలను 2,400కు తగ్గించి, ప్రోటీన్, కొవ్వు కొలతలు చేర్చి, యూనిట్లను 3.6కు పెంచమంది. 0.8, 0.6, 20, 25 - వీటిలో ప్రతిదాని వెనకా ఒక వాదన, ఒక రాజీ ఉన్నాయి. ఆ 25 శాతమైతే చూడండి, చదువు నుంచి వృద్ధాప్యం దాకా అన్నీ ఒకే మూటలో కట్టారు, విడివిడిగా కొలవలేదు. అంతమాత్రాన సూత్రం పనికిరాదనను. అలా రాసి ఉండబట్టే, ఎక్కడ అభ్యంతరమో వేలు పెట్టి చూపగలుగుతున్నాం. రాసిపెట్టని "తగినంత జీతం" మీద వేలు ఎక్కడ పెడతారు?

అమెరికా పేదరికపు గీత గురించి ఒక్క మాట చెప్పి కోర్టుకు వెళ్తాను. 1955 నాటి సర్వేలో కుటుంబాలు ఆదాయంలో మూడో వంతు తిండికి పెడుతున్నట్టు తేలింది కాబట్టి, 1960ల్లో మాలీ ఒర్షాన్‌స్కీ చవకైన భోజనపు ఖర్చును మూడుతో గుణించింది. తర్వాత తిండి వాటా తగ్గుతూ వచ్చింది, అద్దె, వైద్యం పెరుగుతూ వచ్చాయి. గీత మాత్రం ధరల సూచీతో జరగడమే తప్ప ఆ మూలాన్ని వదల్లేదు.

సరే, కోర్టు. మొదటిసారి కోర్టు సర్వే చేసినప్పుడు వెనక బెంచీలో కూర్చుని, ఒళ్లో అట్ట, చేతిలో స్టాప్‌వాచ్ పెట్టుకుని ప్రతి కేసుకూ ఎంతసేపు పడుతోందో రాసుకున్నాను. ఒక కేసు నాలుగు నిమిషాల్లోపే అయిపోయింది. లాయరు రెండు వాక్యాలు చెప్పాడు, జడ్జి ఏదో రాసుకున్నారు, పేరు పిలిచినప్పుడు లేచి నిలబడ్డ మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. జడ్జి పక్కన గుమస్తా తర్వాతి కేసు పిలుస్తున్నాడు. వరండాలోకి వచ్చాక ఆ మనిషి లాయర్ని అడిగిన మాట నా ఫారంలో ఏ గడిలోనూ పట్టలేదు: "ఇప్పుడు నాది అయిపోయినట్టా సార్?" తీర్పు అతనికి అనుకూలంగానే వచ్చిందని తర్వాత రికార్డులో చూశాను. ఫలితం గడిలో "అనుకూలం", సమయం గడిలో "3 ని. 50 సె."

ఫలితం ఒకటి, నడిచిన తీరు ఒకటి. పరిశోధకుడు టామ్ టైలర్ 1984లో షికాగోలో 1,575 మందిని అడిగి తేల్చిందీ ఇలాంటిదే: గెలిచామా ఓడామా అన్నదొక్కటే కాదు, తమ మాట విన్నారా, పక్షపాతం లేకుండా చూశారా, మర్యాద ఇచ్చారా అన్నవాటిని బట్టి కూడా జనం అధికారులను న్యాయమైనవాళ్లా కాదా అని తూస్తారు. దీన్ని కొలవడం కష్టం కూడా కాదు. బయటికి వస్తున్నవాళ్లను గుమ్మం దగ్గర ఆపి పది పదిహేను ప్రశ్నలు అడిగే పద్ధతి ఉంది, నేనూ చేశాను. రెండు జాగ్రత్తలు. మర్యాదగా చేసిన అన్యాయానికి కూడా ఈ సర్వేలో మంచి మార్కులు పడతాయి. అంతకన్నా ముఖ్యంగా, గుమ్మం దగ్గర దొరికేది వచ్చినవాళ్లే. నోటీసు అందక, కూలి పోతుందని భయపడి, ఖర్చు భరించలేక కోర్టుకే రానివాళ్లు, రాలేదు కాబట్టి ఓడిపోయినవాళ్లు ఆ సర్వేలో ఉండరు. వాళ్లంతా చీటీ మీద టిక్కు పడని మందుల్లాంటివాళ్లు. అప్పీలు వెయ్యలేదంటే తీర్పు నచ్చిందనా, డబ్బుల్లేవనా? రికార్డులో రెండూ ఒకే సున్నా.

ఫలితాల విషయానికి వస్తే, ఒక్క కేసులో న్యాయాన్ని కొలవలేం గానీ ఒకే కేసును చాలామందికి చూపిస్తే తేడా బయటపడుతుంది. 1974లో అమెరికాలో 50 మంది ఫెడరల్ జడ్జీలకు ఒకే ముద్దాయిల వివరాలిచ్చి మీరైతే ఏ శిక్ష వేస్తారని అడిగారు. ఒక బెదిరింపు వసూళ్ల కేసులో ఒక జడ్జి 20 ఏళ్ల జైలు, పైన 65,000 డాలర్ల జరిమానా అన్నారు. ఇంకొకరు 3 ఏళ్లు, జరిమానా లేదన్నారు. కాగితం మాత్రం ఒకటే. సరైన శిక్ష ఎంతో మనకు తెలియనక్కర్లేదు, 3, 20 రెండూ సరైనవి కాలేవని తెలిస్తే చాలు. న్యాయపు నిర్వచనం లేకుండానే అన్యాయాన్ని కొలవడానికి ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి నేను చూడలేదు. ఇలాంటి తేడాలు తగ్గించాలనే అక్కడ 1984లో శిక్షల సంస్కరణ చట్టం, 1987లో ఏ నేరానికి ఎంత శిక్షో చెప్పే పట్టికలు వచ్చాయి. అప్పుడు విచక్షణ జడ్జి చేతిలోంచి, ఏ అభియోగం మోపాలో తేల్చే ప్రాసిక్యూటర్ చేతిలోకి జారిందని విమర్శ. పట్టికలను తప్పనిసరిగా పాటించే నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సడలించింది.

కొలత ఉన్నా కోర్టు ఏం చేస్తుందన్నది వేరే కథ. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో రెండు వేలకు పైగా హత్య కేసులను డేవిడ్ బాల్డస్ బృందం విశ్లేషించింది. ఇతర కారణాలన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, హతుడు తెల్లవాడైతే మరణశిక్ష పడే అవకాశం 4.3 రెట్లని తేల్చింది. (చిన్న వృత్తి సణుగుడు: ఆ 4.3 అనేది శిక్ష పడినవాటికీ పడనివాటికీ ఉన్న నిష్పత్తుల పోలిక. "4.3 రెట్లు ఎక్కువమందికి పడింది" అని చదువుకుంటే తప్పు. తీర్పుల్లోనూ పత్రికల్లోనూ ఈ తేడా ఎప్పుడూ చెరిగిపోతుంది.) 1987లో మెక్‌క్లెస్కీ అనే ముద్దాయి కేసులో అమెరికా సుప్రీంకోర్టు, అధ్యయనం సరైనదే అనుకున్నా, ఈ ముద్దాయి విషయంలో కావాలని వివక్ష చూపినట్టు ఇది నిరూపించదని 5-4తో తీర్పు చెప్పింది. గణాంకాలు తెలిసినవాడిగా ఆ తర్కంలో ఒక ముక్క నాకు కాదనలేనిదే: మందలోని కొలతను ఒక మనిషి మీదికి దించలేం. కానీ మందంతటా వంకర ఉందని ఒప్పుకున్నాక, ఒక్కొక్కరినీ విడివిడిగా నిరూపించుకోమంటే ఆ వంకర ఎప్పటికీ ఎవరి కేసులోనూ కనబడదు. ఆ తీర్పు రాసిన జస్టిస్ పావెల్ రిటైరయ్యాక, ఒక్క ఓటు మార్చుకోగలిగితే దాన్నే మార్చుకుంటానని తన జీవితచరిత్రకారుడికి చెప్పాడు. మెక్‌క్లెస్కీకి మాత్రం 1991లో శిక్ష అమలైంది.

ఇంతసేపూ కొలత పక్షాన మాట్లాడాను. ఇప్పుడు మీ రెండో స్నేహితుడికి కాస్త బలం. 2011లో ఇజ్రాయెల్ పెరోల్ బోర్డుల మీద వచ్చిన అధ్యయనం మీరు వినే ఉంటారు: 8 మంది జడ్జీలు, 1,112 నిర్ణయాలు, విరామం తర్వాత అనుకూల నిర్ణయాలు సుమారు 65 శాతం, తర్వాతి విరామం దగ్గరపడేసరికి దాదాపు సున్నా. "ఆకలేస్తే జడ్జికి దయ తగ్గుతుంది" అని ప్రపంచమంతా చెప్పుకుంది. అదే ఏడాది ఇంకో ఇద్దరు, కేసులు వచ్చే వరస యాదృచ్ఛికం కాదని చూపించారు. లాయరు లేని ఖైదీలు ఎక్కువగా విరామానికి ముందు, చివర్లో వస్తారు. వాళ్లకు ఎలాగూ అవకాశం తక్కువ. పైగా అనుకూల నిర్ణయానికి ఎక్కువ సమయం పడుతుంది. విరామం ముందు కాస్త సమయమే ఉంటే జడ్జి పొడుగు కేసు ఎత్తుకోకపోవచ్చు. అంకెలు అవే, కథ మారిపోయింది. ఆ గదిలో ఒక పూట కూర్చున్న గుమస్తాని అడిగి ఉంటే, కేసులు ఏ వరసలో పిలుస్తారో ముందే చెప్పేవాడు. డేటా ఎలా పుట్టిందో తెలియకుండా దాన్ని చదవకండి.

రెండో చిక్కు ఇంకా లోతైనది. ముద్దాయి మళ్లీ నేరం చేస్తాడా అని మార్కులు వేసే కంపాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను 2016లో ప్రోపబ్లికా అనే అమెరికా వార్తాసంస్థ విలేకరులు పరీక్షించారు. తర్వాత కొత్త కేసు లేనివాళ్లలో పొరపాటున "ప్రమాదకరం" అని ముద్రపడినవాళ్లు నల్లవాళ్లలో 44.9 శాతం, తెల్లవాళ్లలో 23.5 శాతం. తయారుచేసిన కంపెనీ, ఒకే మార్కు పడినవాళ్లు ఏ జాతివాళ్లయినా ఇంచుమించు ఒకే శాతంలో మళ్లీ పట్టుబడ్డారు కాబట్టి ఇది న్యాయమైనదే అంది. ఇద్దరి లెక్కా సరైనదే! రెండు గుంపుల్లో మళ్లీ పట్టుబడేవాళ్ల మూల శాతాలు వేరైనప్పుడు, అంచనా పరిపూర్ణమైతే తప్ప ఈ రెండు రకాల సమానత్వం ఒకేసారి కుదరదని గణితజ్ఞులు నిరూపించారు. అంటే న్యాయానికి కొలబద్ద లేకపోవడం కాదు సమస్య, రెండున్నాయి, అవి ఒకదానితో ఒకటి పడవు. ఏది పట్టుకోవాలో గణితం చెప్పదు. ఇంకో సంగతి మా ఫారంవాళ్లకు వెంటనే కంట్లో పడుతుంది: "మళ్లీ నేరం చేశాడా" అని వాళ్లు రాసుకున్న గడిలో నిజానికి ఉన్నది "మళ్లీ కేసు పడిందా" అన్నదే. పోలీసులు ఎక్కువ తిరిగే వీధిలో ఆ గడి నిండుతుంది, తిరగని వీధిలో సున్నా. చూశారా, మళ్లీ వచ్చింది.

కోర్టుల వేగం కొలవడం గురించి పెద్దగా చెప్పను. వచ్చిన కేసులకు తేల్చిన కేసుల నిష్పత్తి ఒక్కటే చూస్తే తేలికైన కేసులు తేలుతాయి, కష్టమైనవి అడుగున ముదురుతాయి. పెండింగ్ కేసుల వయసు కూడా పక్కన అడగండి, సగటు కాకుండా మధ్యగతం (వరసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చే అంకె), అన్నిటికన్నా పాత పది శాతం విడిగా. సరిపోతుంది.

మా ఫారం ఏమైందో చెప్పాలి కదా. ఆ ఇంటి తర్వాత వైద్య ఖర్చు గడి పక్కన ఇంకో గడి చేర్చాం: "అవసరమై కూడా మానుకున్నారా? ఏమిటి?" శిక్షణలో ఈ ప్రశ్నకే ఎక్కువ సమయం పట్టేది, ఎందుకంటే ముందు చీటీ చూపించమని అడగడం ఇబ్బంది, జనం చెప్పుకోవడమూ ఇబ్బంది. ఒక వేతన విచారణలో యాజమాన్యం తరఫు లాయరు ఈ గడి మీదే నన్ను చాలాసేపు నిలబెట్టాడు. "జరగని ఖర్చును మీరు ఎలా కొలిచారు?" అన్నాడు. నేను చీటీలోని మందుల ధర కట్టాం అన్నాను. "చీటీ లేనివాళ్లకో?" అన్నాడు. వాళ్లది కొలవలేదు అని ఒప్పుకున్నాను. అతని ప్రశ్న న్యాయమైనదే. డాక్టరు దాకా కూడా వెళ్లనివాళ్లది మా అంకెలో లేదు, అంటే లోటును తక్కువే చూపించాం. మా పట్టిక కింద ఆ మాట అప్పటినుంచి రాస్తున్నాం.

మీ స్నేహితులతో ఒక పని చేయించి చూడండి, కొత్త ఎన్యూమరేటర్లతో మేం మొదటిరోజు చేయించేదే. ఇద్దరినీ ఒకరికొకరు చూపించకుండా నలుగురున్న కుటుంబానికి నెలకు కావలసిన పద్దులు రాయమనండి, ధరలు అక్కర్లేదు. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. తిండి, అద్దె, బట్టల దగ్గర కాగితాలు దాదాపు కలుస్తాయి. ఫోన్, ప్రయాణం, ఊరికే ఉన్న రోజు, అమ్మానాన్నలకు పంపే డబ్బు, అనుకోని జబ్బు - ఇక్కడ విడిపోతాయి. మీ వాదనకు అసలు కాగితం అదీ, ఆ విడిపోయిన పద్దుల దగ్గరనుంచి మొదలుపెట్టండి. ఏం తేలిందో వీలైతే ఇక్కడ రాయండి, నాకు కొత్త బ్యాచ్ శిక్షణకు పనికొస్తుంది.